దొర జిల్లా గెలిచిన సోమవారం

మా అన్న కారు తోలే కంపెనీలో ఆయన ఇంజినీరు. ఇంగ్లండు మనిషి. అన్న ఆయన్ని సార్ అనేవాడు, వదినా నేనూ మాలో మేం దొర అనుకునేవాళ్ళం. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన రెండు వారాలకు, తెల్లవాళ్ళంతా వచ్చి లొంగిపోవాలనీ, వాళ్ళను దాచిన వాళ్ళకు ఉరేననీ చాటించారు. ఆ సాయంత్రమే అన్న ఆయన్ని కారు వెనక సీట్ల దగ్గర కింద పడుకోబెట్టి, మీద దుప్పట్లు కప్పి, అబూ హలీఫాలో తనుండే ఇంటికి తెచ్చేశాడు. వదినను అడగలేదు. అడిగుంటే వద్దనేదే.

నేను అప్పటికే అక్కడున్నాను. రుమైథియాలో నేను పనిచేసే ఇంటి యజమానురాలు, మామా అంటాం అక్కడ, పిల్లల్తో సెలవులకు పరదేశం పోయి అక్కడే చిక్కుకుపోయింది. అంత పెద్ద ఇంట్లో ఒక్కదాన్నే బిక్కుబిక్కుమంటూ ఉంటే అన్న వచ్చి తీసుకొచ్చాడు.

ఇండియావాళ్ళను ఎవరూ ఆపడం లేదు. బస్సుల్లో జోర్డాన్ దాకా పోతే అక్కణ్ణుంచి విమానం. పక్కనే మహబూలాలో మా కడపవాళ్ళు గదులకు గదులు ఖాళీ చేసి పోయారు. మేం కదల్లేదు. దొరను వదిలి రానని అన్న, అన్నను వదిలి రానని వదిన. ఇద్దరి మీదా నాకు ఒళ్ళు మండేది. అయినా నేనూ ఉండిపోయాను.

వెనక గది కిటికీలకు పేపర్లు అంటించాం. కింద వీధి మలుపులోనే సైనికుల కాపలా. దొర చప్పుడు కాకుండా ఒట్టి కాళ్ళతో తిరిగేవాడు. ఆయన దగ్గర ఒక చిన్న రేడియో ఉండేది. ఇంగ్లండులోనూ జిల్లాలుంటాయనీ, ఒక్కో జిల్లాకు ఒక్కో క్రికెట్ జట్టనీ, తన జట్టంటే తనకు ప్రాణమనీ అన్నతో చెప్పించాడు. ఆదివారం ఆడిన ఒక్కరోజు ఆట ఫలితం మాకు సోమవారం పొద్దున వార్తల చివర తెలిసేది.

"మన కడపకు జట్టు ల్యాకపాయ. ఈ జిల్లానే మనదనుకుందాం" అన్నాడు అన్న.

అట్లా, పటంలో యాడుందో కూడా తెలియని జిల్లాకు మేం ముగ్గురం అభిమానులమయ్యాం. రెండు సోమవారాలు ఓడిపోయింది. వదిన ఆ జట్టును పచ్చి బూతులు తిట్టింది.

మూడో సోమవారం నాటికి దొర తిండి మానేశాడు. నా వల్ల మీ ప్రాణాల మీదికొస్తుంది, నేనే పోయి లొంగిపోతానని రోజూ అదే మాట. అన్న రోజూ చేతులు పట్టుకుని ఆపేవాడు. ఇంకెన్నాళ్ళు ఆపగలడో మాకు తెలియదు.

ఆ పొద్దున రేడియో చెవికి ఆనించుకుని కూర్చున్నవాడు ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. ఏడు వికెట్లతో గెలిచారట, ఇంకా ఓవర్లు మిగిలుండగానే. ఆయన నవ్వడం అదే మొదలు నేను చూడటం. చప్పట్లు కొడితే వినపడుతుందని అరచేతులు తగలకుండా ఆడించాం నలుగురమూ. దొర అప్పడాల కర్రను బ్యాటులా అందుకున్నాడు. అన్న ఎర్రగడ్డను, అదే ఉల్లిగడ్డను, బంతిలా విసిరాడు. అది కాస్తా పోయి వదిన ఒళ్ళో పడింది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తర్వాత నాలుగు కంచాలు పెట్టుకుని తిన్నాం. దొర మూడు చపాతీలు తిన్నాడు.

అన్నాళ్ళు వాడిపోయిన మనిషి మొహం ఒక్కసారిగా అంత కళకళలాడేసరికి నాకు భయమేసింది. మా ముగ్గురి దిష్టే చాలు ఆయనకు. రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు పిడికిట పట్టి ఆయన చుట్టూ మూడుసార్లు తిప్పాను. అదీ గెలుపు సంబరమే అనుకున్నాడేమో, బుద్ధిగా కూర్చున్నాడు. మా ఊళ్ళో అయితే వాకిట్లో నిప్పుల మీద వేస్తాం, పొగ ఆకాశానికి పోతుంది. ఇక్కడ తలుపులూ కిటికీలూ మూసిన ఇంట్లో, పొయ్యి మీద కాలే పెనంలో వేశాను. ఆ పొగ ఎటు పోతుందో నాకు తట్టనే లేదు.

ఘాటు లేస్తే దిష్టి లేనట్టే అంటారు మాలో. ఆ పొద్దు లేచిన ఘాటు అంతా ఇంతా కాదు. మేం కొంగులు అడ్డం పెట్టుకుని ఓర్చుకున్నాం. దొరకు ఆ అలవాటు ఎక్కడిది? దగ్గు మొదలైంది, ఆగదు. ఊపిరాడక పోతాడేమోనని వదిన వంటింటి కిటికీ తెరిచింది. పొగతోపాటు దగ్గూ కిందికి పోయింది.

మెట్ల మీద బూట్ల చప్పుడు. అన్న ఆయన్ని బాత్‌రూమ్‌లోకి తోసి, నోటికి తడి టవలిచ్చి తలుపేశాడు. ఇద్దరు సైనికులు వచ్చారు. పెద్దవాడు తుపాకీ గొట్టం అన్న గుండెకానించి, ఇదేంటని అరబ్బీలో అడిగాడు. "ఫిల్‌ఫిల్, ఫిల్‌ఫిల్" అంటూ అన్న మాడిన మిరపకాయలు చూపించాడు. రెండోవాడికి తుమ్ములే తుమ్ములు. పెద్దవాడు మాత్రం చాప మీది కంచాలు చూస్తున్నాడు. మనుషులు ముగ్గురు, కంచాలు నాలుగు. స్నేహితుడొకడు తిని ఇప్పుడే బస్సుకు పోయాడని అన్న చెప్పాడు. నమ్మాడో లేదో. రేపు మళ్ళీ వస్తానని చెప్పి దిగిపోయాడు.

వాళ్ళు పోగానే నేను వదిన మీద పడ్డాను. "కిటికీ ఎందుకు తెరిస్తివి? మా అన్నను సంపుకుందామనా?" తప్పు నాదని నాకు తెలుసు, తెలిసే అరిచాను.

దొర బాత్‌రూమ్‌లోంచి వచ్చి అన్న చొక్కా మీద తుపాకీ గొట్టం మరక చూశాడు. ఈసారి అన్న బతిమాలినా వినలేదు. గడ్డం గీసుకుని బూట్లు వేసుకున్నాడు. దిష్టి సంగతి అన్న చెప్పినట్టున్నాడు, నా దగ్గరికి వచ్చి తల వంచి, థాంక్యూ సిస్టర్ అన్నాడు. నేను తలెత్తలేదు. వెనక మెట్లు దిగి, ఏ ఇంట్లోంచి వచ్చాడో తెలియకుండా సముద్రం వైపు నుంచి చుట్టూ తిరిగి, చేతులు పైకెత్తి కాపలా దగ్గరికి నడిచాడు. పేపరు చిరుగులోంచి చూశాను. జీపెక్కించుకుని పోయారు.

మర్నాడు ఆ సైనికుడు అన్నట్టే వచ్చాడు. మూడు కంచాలు చూసి పోయాడు. వారం తిరక్కుండా మేం బస్సెక్కాం.

ఆ ఏడాది చివర్లో తెల్లవాళ్ళను వదిలేశారని విన్నాం. అన్న ఆయన కంపెనీకి ఉత్తరం రాశాడు. జవాబొచ్చిందా అని నేను ఇంతవరకూ అడగలేదు. ఆయన బతికున్నాడనే జవాబొచ్చినా, నా మనసులోంచి ఒకటి మాత్రం పోదు. ఆయన్ని తీసుకుపోయిన పూట, ఇక ఉరి భయం లేదని, నేను కడుపు నిండా అన్నం తిన్నాను.