వాన పడింది గదప్పా

పుంగనూరు పశువుల ఆసుపత్రిలో నేను కాంపౌండరుగా ఉన్న రోజుల్లో, పొట్టి ఆవు ఒకదాన్ని కాలి పుండుకు కట్టు కట్టించడానికి వారం వారం ఒక ముసలాయన తోలుకొచ్చేవాడు. నా డైరీల్లో ఆయన పేరు లేదు, 'కుంటి ఆవు పెద్దాయన' అనే ఉంది. పగ్గం చేతికి చుట్టుకొని ముందు నడిచేవాడు. పది అడుగులకోసారి ఆగేవాడు. వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. ఆవు ఊపిరి వీపుకు తగిలాకే మళ్లీ కదిలేవాడు.

ఎనభైల్లో ఒక కరువేడు. ఒక్క వాన పడగానే ఆసుపత్రి వెనక, కోత అయిపోయిన జొన్నచేలో మోళ్లు పచ్చగా చిగిర్చాయి. ఆ మధ్యాహ్నం ఆయన కేక విని పరుగెత్తాను. ఆవు కిందపడి ఎగశ్వాస తీస్తోంది.

"పిలకలు మేపినావా?"

"ఎండిన పైరులో విషముంటాదని తెలుసప్పా. వాన పడింది గదా, కడిగేసుంటాది అనుకొంటి. రెండు నెల్లుగా పచ్చిగడ్డి సూల్లేదు ఇది."

వానకు లేచిన లేత పిలకల్లోనే సైనైడు ఎక్కువ. విరుగుడు సూదిమందు మా బీరువాలో లేదు. మదనపల్లె నుంచి బస్సులో రావాలి. ఆవు తల ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను.

"మనం తినే జొన్నే గదప్పా, దాంట్లో విషం యాల?"

"లేతగా ఉన్నప్పుడు ఎవురూ కొరక్కుండా అట్ల కాపాడుకుంటాది."

"అయితే దాన్నేమనేది? అదీ బతకల్ల గదా."

కాసేపటికే ఆవు పోయింది. ఆయన పగ్గం విప్పి, చేతికి చుట్టుకొని రోడ్డెక్కాడు. పది అడుగులు వేసి, ఆగాడు. వెనక్కి తిరగలేదు. ఇక నడవమని ఆయనకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.