బిగించిన పట్టీ

ఆమె బీడీలు చుట్టేది. చేట ఒడిలో లేకున్నా ఆమె వేళ్లు చుడుతూనే ఉండేవి. ఆడవాళ్లకూ మగవాళ్లకూ చేతుల్లో, కాళ్లలో రక్తనాళాలు ఎలా పనిచేస్తాయో పోల్చి చూసే పరీక్షకు సిరిసిల్ల వెళ్లిన నాకు ఆ వేళ్లతో పెద్ద తంటా వచ్చింది. చెయ్యి కదిలితే స్కానింగ్ తెరమీద రక్తనాళం బొమ్మ చెదిరిపోతుంది.

"కదలకమ్మా."

"నేను కదిలిస్తలేను బిడ్డా, అవే కదులుతున్నయ్."

ముంజేతికి పట్టీ కట్టి గాలి నింపాను. రోజంతా సాంచెల దగ్గర, ఆ మరమగ్గాల మోతలో నిలబడి బట్ట నేసే మగవాళ్లు కూడా "తిమ్మిరెక్కుతుంది, ఇప్పు మేడం" అని అరిచే బిగువు అది. ఆమె కళ్లు మూసుకుంది. వేళ్లు ఆగిపోయాయి.

పట్టీ వదలగానే రక్తం పరుగెత్తింది. కొలత బాగా వచ్చింది. వేళ్లు మళ్లీ చుట్టడం మొదలుపెట్టాయి.

"అయిపోయిందమ్మా, ఇక వెళ్లొచ్చు."

ఆమె లేవలేదు.

"ఇంకోపారి కడుతవా?"

"నొప్పి లేదా?"

"మా ఆయన పోయినంక ఇంట్ల సాంచె బందైంది. సప్పుడే లేదు. గిప్పుడు ఎవలో నా చెయ్యి గట్టిగ పట్టుకున్నట్టే ఉండె."

పరీక్షకు అక్కర్లేదు. అయినా తెర ఆపేసి, పట్టీ మళ్లీ బిగించాను. వేళ్లు ఆగాయి.