తంబి మాట్లాడని రోజు

మొన్న జురాంగ్ వైపు వెళ్లే రైల్లో నా పక్క సీటులో ఒకాయన కూర్చున్నాడు. మడిచిన తెల్ల కర్ర ఒళ్లో ఉంది. ఫోను చెవికి దగ్గరగా పెట్టుకుని వింటున్నాడు. అందులోంచి ఒక యంత్రపు గొంతు గుక్క తిప్పుకోకుండా చదువుకుపోతోంది. అలవాటు లేని చెవికి అది మాటలా ఉండదు, రేకు మీద కందులు గుమ్మరించినట్టు ఉంటుంది. బోగీలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. నాకు మాత్రం కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. దిగాల్సిన చోటు దాటి రెండు స్టేషన్లు పోయాక గాని తెలివి రాలేదు. ఆ కాసేపూ నేను ఎన్నో ఏళ్ల కిందటి ఒక మసక గదిలో, వాన చప్పుడు వింటూ, అప్పలస్వామి అంకుల్ పక్కన కూర్చుని ఉన్నాను.

అప్పట్లో సింగపూరులో ఐటీ మంచి ఊపు మీద ఉంది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పిలిస్తే సూట్‌కేసు నిండా పచ్చళ్లూ, తల నిండా పొగరూ పెట్టుకుని వచ్చాను. జురాంగ్ వెస్ట్‌లో ఒక ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్నాను. వచ్చిన మూడో రోజు వరండాలో నిలబడి అమ్మతో ఫోనులో మాట్లాడుతుంటే పక్కింటి కిటికీలోంచి ఒక గొంతు వినిపించింది.

“ఏ ఊరమ్మా మనది? కడపేటి?”

“అనంతపురం అంకుల్.”

“ఒక్క జిల్లా తప్పినాను. పర్లేదులే. మా తాత సీకాకుళం నుంచి ఓడెక్కినాడు. లోపలికి రా. మాకాన్ అయిందా?”

తిన్నావా అని అడుగుతున్నారని అర్థమై, సిగ్గుపడకుండా వెళ్లాను. మడత నలగని చొక్కా, జేబులో దువ్వెన, నున్నగా గీసిన గడ్డం. చూపు లేదని నాకు వెంటనే తెలియలేదు. దీపం వేయకుండానే టీ కలిపి, చుక్క ఒలక్కుండా నా చేతికిచ్చినప్పుడు తెలిసింది. ఐదేళ్ల వయసులో జ్వరం వచ్చి చూపు పోయిందట. ఒక పెద్ద ఆఫీసులో ముప్పై ఏళ్లు టెలిఫోను ఆపరేటరుగా పనిచేశారు. ఫోను ఎత్తగానే అవతలి మనిషి ఊపిరిని బట్టి ఎవరో చెప్పేవారట. తర్వాత “ఒకటి నొక్కండి, రెండు నొక్కండి” అనే యంత్రం వచ్చింది, ఆయన ఇంటికి వచ్చేశారు.

“ఆ యంత్రానికి ఏటి తెలుస్తాదమ్మా, ఏడ్చే వోడెవడో, ఏసికాలాడే వోడెవడో?” అని తిట్టేవారు. తిట్టిన నోటితోనే ఇంకో యంత్రంతో స్నేహం మొదలుపెట్టారు. ఆయన మేనల్లుడు తాను వాడేసి పక్కన పెట్టిన లాప్‌టాప్ ఒకటి ఇచ్చాడు. అందులో లినక్స్ ఉంది, తెర మీద ఉన్నది పైకి చదివే ప్రోగ్రాం ఉంది. ఆ గొంతుకు అంకుల్ తంబి అని, అంటే తమిళంలో తమ్ముడని, పేరు పెట్టారు. ఈ దేశంలో పుట్టి పెరిగిన ఆయన తెలుగులో తమిళం, మలయ్ అలా కలిసిపోయేవి. యాభై నాలుగేళ్ల వయసులో, భార్య లక్ష్మి ఆంటీ బడి క్యాంటీను పనికి వెళ్లాక, రోజంతా తంబితో కూర్చుని టైపింగ్ సాధన చేసేవారు.

లినక్స్ నా పనే కాబట్టి సాయంత్రాలు, ఆదివారాలు నేను వెళ్లేదాన్ని. సాయం చేయడానికి అనుకునేదాన్ని. నిజానికి ఆ ఇంటి మసక నాకు బాగా నచ్చేది. ఆఫీసులో పొద్దుటి నుంచీ తెల్లటి ట్యూబు లైట్లు కళ్లలో గుచ్చుకునేవి. ఇక్కడ సాయంత్రం వెలుగు వరండా కటకటాల్లోంచి వచ్చి, గోడ మీద పాకి, ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయేది. దీపం వేయాలని ఇద్దరికీ తోచేది కాదు. ఆంటీ తలుపు తీసి, “చీకట్లో ఏటి చేస్తన్నారు ఇద్దరూ?” అని స్విచ్చి నొక్కితే నాకు నిద్రలోంచి లేచినట్టు ఉండేది.

ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. తన లాప్‌టాప్ మీద నేను ఏది నొక్కినా పైకి చెప్పి నొక్కాలి. మౌస్‌తో ఏదైనా చేయబోతే ఒప్పుకునేవారు కాదు. “బొమ్మలు నాకెందుకు? వాక్యం సెప్పు,” అనేవారు. టైపు చేసే ఆజ్ఞను ఆయన వాక్యం అనేవారు. అక్షరం అక్షరం చెబుతుంటే ఒళ్లో వేళ్లు సన్నగా కదిలేవి. నేను తొందరపడితే “పెలాన్, పెలాన్” అని మలయ్‌లో నెమ్మది చేసేవారు. ఇంత చాదస్తం ఎందుకని లోలోపల విసుక్కునేదాన్ని కూడా.

తంజోంగ్ పగార్‌లో ఒక ఆఫీసు నుంచి ఆయనకు పిలుపు వచ్చింది. ఓడల్లో సరుకు తనిఖీ చేసేవాళ్లు టేపులో చెప్పిన నివేదికలు విని టైపు చేసే ఉద్యోగం. సోమవారం ఉదయం పరీక్ష. ఎవరి యంత్రం వాళ్లు తెచ్చుకోవచ్చు. ఒక చెవిలో టేపు తాలూకు ఇయర్‌ఫోను, రెండో చెవికి లాప్‌టాప్ స్పీకరులోంచి తంబి. రెండు చెవులకూ రెండు పనులు. అంకుల్ నెల రోజులు అలాగే సాధన చేశారు. ఇది తప్పితే ఈ వయసులో తనను ఇంకెవరూ పిలవరని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం నేను కొరివితో తల గోక్కున్నాను. తంబి ఇంకా హుషారుగా మాట్లాడాలని, ఎవరూ అడక్కుండానే లాప్‌టాప్‌లో సిస్టం మొత్తాన్ని కొత్త వెర్షనుకు మార్చాను. మళ్లీ ఆన్ చేస్తే తెర వెలిగింది. తంబి మాత్రం నోరు విప్పలేదు.

శబ్దం పెంచాను, మ్యూట్‌లో ఉన్నవన్నీ తెరిచాను, డ్రైవరు తీసి మళ్లీ వేశాను. బయట వాన మొదలైంది. గంట గడిచింది. “లాప్‌టాప్ బాగా పాతది అంకుల్, అందుకే…” అన్నాను.

“ఆడలేక మద్దెల ఓడు అన్నాదంట ఎనకటికొకత్తె,” అన్నారు. నవ్వలేదు. “ఇంతవరకూ ఏటేటి మార్చినావు? వరసగా సెప్పు.”

తొందరలో పైకి చెప్పడం మానేశాను, ఏం మార్చానో నాకే గుర్తులేదు.

“అన్నీ ఎక్కడివక్కడ పెట్టు. ఒక్కటే మార్చు. అది కాదంటే దాన్ని ఎనక్కి పెట్టి ఇంకోటి మార్చు. ముందు కళ్లు మూసుకుని ఇటు రా.”

లాప్‌టాప్ ఎత్తి స్పీకరు నా చెవికి ఆనించారు. ఏమీ లేదు. “టెలిఫోన్లో పలకని లైను వేరు, సచ్చిన లైను వేరు. పలకని లైన్లో కూడా సన్నగా ఉస్సుమని ఉంటాది. తంబి ఊరుకున్నప్పుడు ఇందులో ఆ ఉస్సు రోజూ ఉండేది. ఇయాళ అదీ లేదు. మాట తయారవతాంది గాని, దాన్ని బయటికి తోసే వోడు పడుకున్నాడు.”

తోసేవాడంటే ఆంప్లిఫయరు. సౌండ్ సెట్టింగుల్లో ఆ పేరుతో ఒక స్విచ్చి ఉండటం నేను చూశాను. “అది ఆన్‌లోనే ఉంది అంకుల్. అందుకే ముట్టుకోలేదు.”

“ఆన్ అని ఎవరన్నారు?”

“స్క్రీన్ మీద ఉంది.”

“స్క్రీను నాను సూసినానేటి? తిప్పి సూడు. పైకి సెప్పి తిప్పు.”

అక్షరం అక్షరం పలుకుతూ, ఎక్కడ ఖాళీ వదలాలో చెబుతూ, ఆ స్విచ్చిని ఆఫ్ చేసే వాక్యం కొట్టాను. ఎంటర్ నొక్కగానే స్పీకరులో టప్ మని చప్పుడై, తంబి గంట నుంచీ మింగుకున్నదంతా ఒక్కసారి కక్కినట్టు గడగడా మొదలుపెట్టాడు. ఆ రకం లాప్‌టాప్‌లో ఆ స్విచ్చి తిరగేసి పనిచేస్తుంది. ఆఫ్ అంటే ఆన్. ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వాం. వాన కూడా తెరిపి ఇచ్చింది.

నేను చెప్పులు వేసుకుంటుంటే ఆయన అడిగారు. “ఆపి మళ్లీ పెడితే నిలుస్తాదా? దాసినావా?”

ఆపేటప్పుడు సిస్టం ఆ మార్పును దానంతటదే దాచుకుంటుందని నేను అనుకున్నాను. ఖాయంగా తెలియదు. ఒకసారి ఆపి మళ్లీ పెట్టి చూస్తే తెలిసిపోతుంది, మూడు నిమిషాల పని. కాని మళ్లీ మూగబోతే ఆయన ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను? “దాచినా అంకుల్,” అన్నాను.

“సరేనమ్మా,” అన్నారు.

మర్నాడు సెలవు పెట్టి ఆయనతో వెళ్లాను. ఎనిమిదో అంతస్తు. పరీక్ష గదికి గాజు తలుపు. వెంట వచ్చినవాళ్లు బయటే కూర్చోవాలి. అంకుల్ బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, తెరిచి, బటన్ నొక్కి, దాని పొట్ట మీద అరచెయ్యి ఆనించారు. లోపల డిస్కు తిరగడం ఆగిందో లేదో అలాగే తెలుసుకునేవారు. తర్వాత తల కొద్దిగా ఎడమకు వంచి, తంబి పలకరింపు కోసం ఆగారు. ఆగుతూనే ఉన్నారు. లేచి తలుపు దగ్గరికి పరుగెత్తాను. అక్కడున్నావిడ నవ్వుతూనే అడ్డుకుంది. “కెనాట్ లా, మిస్. టెస్ట్ ఆల్రెడీ స్టార్టెడ్.”

గాజు అవతల ఒక్క చప్పుడూ ఇటు రావడం లేదు. కలలో ఎవరో మునిగిపోతుంటే కాళ్లు కదలనట్టు నిలబడ్డాను. అంకుల్ చొక్కా చేతులు సర్దుకున్నారు. కీల మీద వేళ్లు పెట్టి, తన పేరు కొట్టారు. పాస్‌వర్డ్ కొట్టారు. అవతల నుంచి ఊఁ అనే దిక్కు లేదు, తప్పు పడిందో ఒప్పు పడిందో చెప్పే నాథుడు లేడు. అయినా ఎవరో ఎదురుగా కూర్చుని శ్రద్ధగా వింటున్నట్టు, ఒక్కో అక్షరాన్నీ మర్యాదగా నొక్కుతూ పోయారు. మధ్యలో ఒకసారి ఆగారు. ఎక్కడో వేలు జారిందనుకుంటాను. మొత్తం చెరిపి మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టారు. చివరి కీ నొక్కి చేతులు ఒళ్లో పెట్టుకున్నారు.

ఆయన తల ఎడమకు వంగింది. తంబి పలికాడని నాకు అలాగే తెలిసింది. ఆయన ఇయర్‌ఫోను రెండో చెవిలో పెట్టుకుని, టేపు నడపమని చెయ్యి ఊపారు.

పరీక్ష అయ్యాక కింద హాకర్ సెంటరులో అన్నం, చేపల పులుసు తెచ్చి ఆయన ముందు పెట్టాను. నా పళ్లెం ముట్టకుండా పక్కకు జరిపాను. “అంకుల్, నిన్న దాచినా అన్నా కదా. నేను దాచలేదు,” అన్నాను.

“తెలుసు.”

“ఎట్ల తెలుసు?”

“ముప్పై ఏళ్లు గొంతులే గదా ఇన్నాను. నువ్వు ఎల్లినాక ఆ వాక్యం నా వేళ్లకి నేర్పేసినాను. ఇరవై సార్లు కొట్టినాను.”

“నన్ను మళ్లీ అడిగుండొచ్చు కదా అంకుల్!”

“అడిగితే రెండోసారి కూడా అబద్ధం ఆడుదువు. ఒకటి సాలు.” ముల్లు తీసి పక్కన పెట్టారు. “తినమ్మా, సల్లారిపోతాది.”

ఏడుస్తూ తిన్నాను. నేను ఏడవడం ఆయన విన్నారు గాని, విన్నట్టు చెప్పలేదు. ఉద్యోగం వచ్చింది. వచ్చిన వార్త వరండా అంతా చెబుతూ, “తంబి గొంతు బాగుచేసింది ఈ అమ్మాయే” అని నన్ను ముందుకు తోశారు. ఆ పొగడ్త నా ఒంటికి ముళ్లలా గుచ్చుకుంది. ఆయన తొమ్మిదేళ్లు ఆ పని చేశారు. ఇప్పుడు లేరు. ఆయన లేని ఆ బ్లాకు వైపు వెళ్లడం నాకు ఇష్టం ఉండదు.

ఇప్పుడు నా కింద పదిమంది పనిచేస్తున్నారు. పోయిన నెల ఒక సిస్టంను కొత్త వెర్షనుకు మార్చే ముందు, ఏదైనా చెడితే వెనక్కి తెచ్చుకునే కాపీ తీశావా అని ఒక కొత్త పిల్లను అడిగాను. “తీశాను మేడమ్,” అంది. ఆ మాటకు ముందు అర క్షణం ఖాళీ ఉంది. ఒకప్పటి నేనైతే అందరి ముందూ తెరిచి చూపించమని ఉండేదాన్ని. “సరే, పావుగంటలో మొదలుపెడదాం,” అని నా సీటుకు వెళ్లి, ఎందుకైనా మంచిదని ఆ కాపీ నేనే తీయడం మొదలుపెట్టాను. సగంలో ఉండగా ఆ పిల్ల వచ్చి నా బల్ల పక్కన నిలబడింది.

“మేడమ్, ఇందాక తీయలేదు. ఇప్పుడు తీశాను.”

ఆ వయసులో ఆ మాట చెప్పడానికి నాకు ఒక రాత్రి గడిచినా ధైర్యం చాలలేదు. గాజు తలుపు ముందు నిలబడ్డాక గాని నోరు పెగల్లేదు. ఈ పిల్లకు పావుగంట సరిపోయింది. కళ్లు తడి అవుతుంటే తెర వైపు తిప్పుకుని, నేను తీస్తున్న కాపీ ఆపేశాను.