ఒట్టు పెట్టని మా నాయన

మార్కాపురం మున్సిఫు కోర్టులో మా చేను పోయింది. అది తనదేనని పక్క చేనాయన దావా వేశాడు. బోనెక్కిన మా నాయనను ప్రమాణం చెయ్యమంటే, "నిజమే చెప్తానయ్యా, ఒట్టు మాత్రం పెట్టను" అన్నాడు. మేం క్రైస్తవులం. ఒట్టు పెట్టుకోవడం పాపమని పాదిరిగారు చెప్పిన మాటను ఊళ్లో తక్కినవాళ్లు గుడిలోనే వదిలి వచ్చేవాళ్లు. మా నాయన ఒక్కడే దాన్ని కోర్టు దాకా మోసుకుపోయాడు. మా ప్లీడరు ఒళ్లు మండి, ఈయన సాక్ష్యం మాకక్కర్లేదని దించేశాడు. చేను నాదన్నవాడే సాక్ష్యం చెప్పకపోతే ఎలా నమ్మేదని తీర్పు వచ్చింది.

ఇక మిగిలింది కర్నూలుకు అప్పీలు. అప్పటికి నేను మిషను బళ్లో పంతులమ్మను. ప్లీడరును వెతుకుతూ నాయన వెంట నేనే తిరిగాను. మార్కాపురం ప్లీడరు మళ్లీ ఆ కేసు ముట్టుకోనన్నాడు. గిద్దలూరులో ఇంకొకాయన అంతా విని, "ఆ పొద్దు జ్వరమొచ్చి సాక్ష్యం చెప్పలేకపోయావని రాస్తా, సరేనా?" అన్నాడు.

నాయన లేచి తలగుడ్డ చుట్టుకున్నాడు. "ఒట్టే పెట్టనోణ్ణి, అబద్ధం ఆడతానా అయ్యా?"

రైలు స్టేషనులో నాకు కోపం ఆగలేదు. "చేను పోతే తినేదేంది నాయనా? జ్వరమంటే నీ సొమ్మేం పోయింది?" అన్నాను. ఆయన పట్టాల వైపు చూస్తూ కూర్చున్నాడు.

నంద్యాలలో ఒక ముసలి సాయిబు ప్లీడరు ఉన్నాడంటే అక్కడికీ వెళ్లాం. ఆయన నాయనను బల్ల మీద కూర్చోమన్నాడు. అంతా విని, "మతం ఒప్పుకోనోళ్లు ఒట్టు పెట్టకుండా నిజం చెప్తామంటే చాలు. చట్టంలోనే ఉంది. మీ ప్లీడరు ఆ మాట ఎందుకు అడగలేదు?" అన్నాడు. ఇంత చిన్న మాటకు ఇన్నాళ్లు కుమిలిపోయామా అని నాకు ఏడుపొచ్చింది.

"గెలుస్తామా సాయిబుగారూ?" అని నాయన అడిగాడు.

"ఏంది, ఒట్టు పెట్టి చెప్పమంటావా పెద్దాయనా?"

చేను పోయిందన్న తీర్పు వచ్చాక నాయన నవ్వగా చూడడం అదే మొదటిసారి.

నాయన సాక్ష్యం వినమని కర్నూలు కోర్టు కేసును వెనక్కి పంపింది. ఆయన అదే బోనెక్కి, ఒట్టు లేకుండా, చేని గట్లన్నీ వరసగా చెప్పాడు. అప్పుడు అవతలి ప్లీడరు అడిగాడు. "పడమటి ముక్కను మావాడు ఏండ్ల తరబడి దున్నుతుంటే నువ్వు చూస్తా ఊరుకున్నావు, అవునా?"

కాదంటే సరిపోయేది. వాళ్ల దగ్గర వేరే రుజువు లేదు.

"అవునయ్యా, దున్నినాడు" అన్నాడు నాయన.

అన్నేళ్లు అడ్డు చెప్పకుండా దున్ననిచ్చాడు గనక చట్టం ప్రకారం పడమటి ముక్క పోయింది, మిగతాది దక్కింది. నాయన దాంతో తృప్తిపడ్డాడు. నేను పడలేదు. కొన్నేళ్లకు ఆ ముక్కలోనే పలకలు చేసే రాయి బయటపడింది. బడికి కొత్త పలకలు వచ్చినప్పుడల్లా ఒకటి చేతిలోకి తీసుకుని, ఇది మా చేనిదేనేమో అనుకునేదాన్ని. అప్పటికి నాయన లేడు. ఉంటే, అది చూపించి పోట్లాడేదాన్ని.