సిస్టరమ్మ ఒప్పుకోని సంతకాలు

మా సిస్టరమ్మ మంగళవారం పొద్దున ఢిల్లీలోని ద్వారకలో, కూతురింట్లో కన్నుమూశారు. ఫోన్ పెట్టేశాక ఏడుపుకన్నా ముందు నాకు ఊరట కలిగింది. ఆమె దిగులుతో వెళ్ళలేదు. ఆ సంగతి అందరికీ చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

బాపట్ల వైపు నుంచి నర్సు ఉద్యోగానికి ఢిల్లీ వచ్చి, హెడ్ నర్సుగా రిటైరైన మనిషి. ఆ తర్వాత మాలాంటి పీహెచ్‌డీ విద్యార్థులకు నేర్పే పని ఒప్పుకున్నారు. ల్యాబ్‌లో కనిపెట్టినదాన్ని రోగి దాకా ఎలా చేర్చాలో చెప్పే శిక్షణ మాది. ఎనిమిది మందిమి. మా స్టైపెండ్లూ, ఆమె జీతమూ ఒకే గ్రాంటు మీద నడిచేవి. గ్రేటర్ నోయిడా హాస్టల్ నుంచి బస్సూ మెట్రో పట్టుకుని వచ్చి, మొదటి మూణ్ణెల్లూ ఆసుపత్రి వార్డులోనే గడపాలి. అది ఆమె పెట్టిన నియమం.

దేనికైనా "ఠీక్ హై" అనేవారు. పొట్టిగా అంటే సరేనని. సాగదీసి అంటే ఆ పూట మన పని అయిపోయినట్టే.

వార్డులో అడుగుపెట్టిన రెండు రోజుల్లోనే, పరిశోధనకు రక్తం ఇవ్వడం సమ్మతమని ఇరవై రెండు మంది రోగుల చేత సంతకాలు పెట్టించాను. మెచ్చుకుంటారని కాగితాలు తీసుకెళ్ళి చూపించాను. ఆమె పైకాగితం తీసుకుని నేరుగా ఆ రోగి మంచం దగ్గరికి నడిచారు.

"భయ్యా, యే సైన్ కిస్ లియే కియా?" అని, ఈ సంతకం దేనికి పెట్టావని అడిగారు.

"ఆపరేషన్ కే లియే, దీదీ," అన్నాడాయన. సంతకం పెట్టకపోతే ఆపరేషన్ చెయ్యరేమోనని భయపడి పెట్టాడట.

"ఠీఈక్ హై," అన్నారు సిస్టరమ్మ. ఇరవై రెండూ రద్దు. తీసిన రక్తం కూడా పారబోయించారు. ఆమె తృప్తిపడేట్టు అడగడం నేర్చుకుని, మళ్ళీ అంతమందిని కూడగట్టేసరికి ఏడాది గడిచింది. అవి రద్దయిన రాత్రి, పీహెచ్‌డీ గురించి ఈవిడకేం తెలుసని హాస్టల్లో నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. మర్నాడు ఆమే పిలిచి, టిఫిన్ డబ్బా నా ముందుకు తోశారు.

"సంతకం ఎవడైనా పెట్టిస్తాడయ్యా. ముందు వద్దనడానికి వాళ్ళకి ధైర్యమివ్వు. అప్పుడడుగు."

గోంగూర పచ్చడి బాగుందని వెంటనే ఒప్పుకున్నాను. మాట బాగుందని ఒప్పుకోవడానికి ఆరు నెలలు పట్టింది.

ఈ ఏడాది గ్రాంటు పొడిగించాలా వద్దా అని తేల్చడానికి పరిశీలకులు వచ్చారు. వార్డులో గడిపే నెలలు దండగ కాదా అన్నది వాళ్ళ అనుమానం. గ్రాంటు ఆగితే నా చివరి ఏడాదీ, నా వెనకొచ్చిన జూనియర్ల చదువూ ఆగినట్టే. "మంచివే చెప్పండి నాయనా," అని డైరెక్టర్‌గారు ముందే బతిమాలుకున్నారు. ఒకావిడ నన్నే అడిగింది, మొదటి ఏడాదిలో ఫలితాలేమీ లేవేమని. అబద్ధం నోటిదాకా వచ్చింది. వెనక కుర్చీలో, అప్పటికే జబ్బుతో చిక్కిపోయిన సిస్టరమ్మ కూర్చునున్నారు. సంతకాల సంగతి మొత్తం చెప్పేశాను. డైరెక్టర్‌గారు తల పట్టుకున్నారు.

"చెడగొట్టాను సిస్టరమ్మా," అన్నాను బయటికొచ్చాక.

"నిజం చెప్పావు, అంతేగా. పోతే పోనీ," అని నాలుగడుగులు వేసి ఆగారు. "పోకూడదయ్యా. ప్రార్థన చేసుకో."

ఆ తర్వాత ఆమె మంచం పట్టారు. ఎప్పుడెళ్ళినా ముందు "లెటరొచ్చిందా?" అనే అడిగేవారు. నొప్పికన్నా ఆ బెంగే రాత్రుళ్ళు నిద్రపోనివ్వడం లేదని వాళ్ళమ్మాయి హిందీలో చెప్పుకుని బాధపడేది.

పోయిన శనివారం లెటరొచ్చింది. పట్టుకుని ద్వారక పరిగెత్తాను. గ్రాంటు ఇంకో ఐదేళ్ళు. వార్డు నెలలు తప్పనిసరిగా ఉంచాలని షరతు కూడా. రెండుసార్లు చదివించుకున్నారు.

"ఐదేళ్ళా? నాకన్నా దాని ఆయుష్షే గట్టిది," అని నవ్వారు.

తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నారు. నేను కొత్త బ్యాచ్ గురించి ఏదో చెబుతూనే ఉన్నాను. "భయ్యా, మమ్మీ సో గయీఁ," అని, అమ్మ నిద్రపోయిందంటూ గొంతు తగ్గించి చెప్పింది వాళ్ళమ్మాయి. పట్టపగలు, కింద అపార్ట్‌మెంట్ల పిల్లల గోల మధ్య, నోరు కొంచెం తెరుచుకుని, సిస్టరమ్మ గురక పెడుతున్నారు.