చివరి పేరా

ఆక్లాండ్ శివారు మౌంట్ ఆల్బర్ట్‌లో రైలు గేటు దాటాక, టైర్ల షాపు వెనక సందులో ఒక వర్క్‌షాప్ ఉండేది. అక్కడ ఒకే కంపెనీ కార్లు బాగుచేసేవారు. అది యూరప్ కంపెనీ. చుట్టుపక్కల మెకానిక్‌లందరూ జపాన్ నుంచి ఓడల్లో దిగే సెకండ్‌హ్యాండ్ కార్ల మీద బతుకుతుంటే, ఆ వర్క్‌షాప్ నడిపే మనిషి మాత్రం అలాంటి కారు గేటు ముందు ఆగగానే చేయి అడ్డంగా ఊపేవాడు. "వాటికి డాక్టర్లు చాలామంది ఉన్నారు" అనేవాడు.

అతను ఫిజీలో పుట్టిన తెలుగువాడు. తెలుగు మాట్లాడేవాడు గానీ చదవడం రాదు. ఇంగ్లిష్ పేపరు చదవగలడు, అయితే పనివేళల్లో చేతులు ఎప్పుడూ గ్రీజుతోనే ఉండేవి. నేను హైదరాబాద్‌లో ఒక దినపత్రిక డెస్కులో పద్దెనిమిదేళ్లు పనిచేసి ఆక్లాండ్ వచ్చినవాణ్ని. ఇక్కడ నా ఉద్యోగం వేరు, కానీ పొద్దున్నే పేపరు కొనే అలవాటు పోలేదు. నా కారు అతని దగ్గర కొన్నదే. అది తరచూ మొరాయించేది కాబట్టి శనివారాలు చాలావరకు అక్కడే గడిచేవి. పాత కారులోంచి పీకి గోడకు ఆనించిన సీటొకటి ఉండేది. దాంట్లో కూర్చుని నేను బిజినెస్ పేజీ పైకి చదివి తెలుగులో చెబుతుంటే, అతను కారు కింద నుంచి వినేవాడు.

అతని గొప్పంతా నెంబర్లలో ఉండేది. ఆ కంపెనీ ప్రతి విడిభాగానికీ ఒక పొడవాటి నెంబరు ఇచ్చింది. అవన్నీ అతనికి కంఠతా వచ్చు. కంపెనీ విడిభాగాల డిపోకు ఫోన్ చేసి భాగం పేరు చెప్పకుండా అంకెలు మాత్రమే చెప్పేవాడు. అటువైపు అమ్మాయి ఒక్కోసారి కావాలని పరీక్ష పెట్టేది, ఇతను తప్పేవాడు కాదు. ముందు గదిలో ఫోను, బిల్లులు, రేడియో చూసుకునే అతని భార్య అది విని నాతో అనేది: "పెళ్లిరోజు అడగండి అన్నయ్యా, తెలీదు. వాటర్ పంప్ నెంబర్ అడగండి, నిద్రలో కూడా చెప్తాడు."

"వాటర్ పంప్ నామీద అలగదు గదా" అనేవాడు కారు కింద నుంచి.

ఇక్కడ జులై అంటే చలికాలం. ఒక జులైలో, చలి బాగా ఉన్న రోజున, ఆ వాటర్ పంపే ఒకటి డిపో నుంచి వచ్చింది. పెట్టె మామూలుదే. పంపు మీద అతికించిన స్టిక్కర్ మాత్రం కాస్త వంకరగా ఉంది. గోటితో దాన్ని గీరాడు. కింద ఇనుములో అచ్చుపోసిన గుర్తు ఒక జపాన్ కంపెనీది. ఆ కంపెనీ కార్లను ముట్టుకోనని అతను జీవితమంతా చెప్పుకున్నాడు.

"ఇది ఎదుటి పార్టీ సరుకు అన్నా" అన్నాడు నాకు చూపించి. బిగించి చూశాడు. సరిగ్గా సరిపోయింది. అదే అతనికి నచ్చలేదు. పంపు సరిపోకపోతే తిప్పి పంపి ఉండేవాడు.

ఆ నెలాఖరు శనివారం పేపర్లో వార్త వచ్చింది. ఆ రెండు కంపెనీలూ కలిసిపోవడానికి మాట్లాడుకుంటున్నాయని.

అది మామూలు శనివారం కాదు. వర్క్‌షాప్ లీజు పొడిగించాలో వద్దో సోమవారం లోగా యజమానికి చెప్పాలి. పొడిగిస్తే ఇంకో ఐదేళ్లు. ఆల్బనీలో గ్యారేజీ నడిపే ఒకాయన పనిముట్లతో సహా మొత్తం కొంటానని రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు. భార్య అక్క ఇక్కడికి మూడు గంటల దూరంలోని టౌరంగాలో కివీపళ్ల ప్యాకింగ్ షెడ్‌లో సూపర్‌వైజరు. అక్కడికి వెళ్లిపోదామని, అడిగేవాడు ఉండగానే అమ్మేద్దామని ఆమె చాలాకాలంగా అంటోంది. అతనికి మనసొప్పడం లేదు.

వార్త చదవడం మొదలుపెట్టాను. చర్చలు జరుగుతున్నట్టు తెలిసింది, రెండింటికీ అవసరానికి మించి ఫ్యాక్టరీలు ఉన్నాయి, కలిస్తే కొన్ని మూతపడతాయి, దూరంగా ఉన్న చిన్న దేశాల్లో అమ్మకాలన్నీ ఒకే దిగుమతిదారు చేతికి ఇవ్వొచ్చు. అక్కడిదాకా వచ్చేసరికి అతను కారు కింద నుంచి బయటికి జారాడు.

"అంత వద్దన్నా. చివర్న ఏం తేలిందో చెప్పండి."

చివరి పేరా చెప్పాను. అలాంటి నిర్ణయమేదీ లేదని రెండు కంపెనీల ప్రతినిధులూ అన్నారు.

"తేలిపోయింది గదా" అన్నాడు.

భార్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నీకు తేలింది. ఆ పంపు కింద గుర్తేంటి మరి?" అని, నా వైపు తిరిగింది. "మీరు పేపర్లో పనిచేశారు గదా అన్నయ్యా. మీరు చెప్పండి. ఏమీ కాదంటారా?"

"వాళ్లు లేదంటున్నారు" అన్నాను.

ఆ మాటలో అబద్ధం లేదు. కథకైతే ముగింపు చివర ఉంటుంది. వార్తకు చివర ఉండేది ముగింపు కాదు. పేజీలో చోటు చాలకపోతే కింద నుంచి కత్తిరించడానికి వీలుగా వార్త రాస్తాం. అన్నిటికన్నా తక్కువ బరువున్నది కిందికి వెళ్తుంది. కంపెనీలు కాదన్న మాట అక్కడే పెడతాం. నేనే వందలసార్లు పెట్టాను, చోటు లేనప్పుడు వందలసార్లు కోసేశాను. అంత త్వరగా ఇద్దరూ ఒకే మాటతో కాదన్నారంటే, కూర్చుని మాట్లాడుకునే అన్నారని కూడా నాకు తెలుసు. చెప్పలేదు. జరగబోయేది మనం చెప్పకూడదు, ఎవరేమన్నారో అంతే చెప్పాలని డెస్కులో నేర్చుకున్నాను. ఉద్యోగం వదిలాక కూడా ఆ జాగ్రత్త వదల్లేదు.

సోమవారం అతను లీజు మీద సంతకం పెట్టాడు.

ఏడాది తిరక్కుండానే ఆ రెండు కంపెనీలూ కలిశాయి. ఇక్కడ వెంటనే ఏమీ మారలేదు. మొదట డిపోలో ఫోన్ ఎత్తే అమ్మాయి మానేసింది. తర్వాత డిపోయే మూశారు, సామాను ఆస్ట్రేలియా నుంచి రావడం మొదలైంది. కొత్త కార్లకు కంప్యూటర్ తగిలిస్తే తప్ప జబ్బు తెలియదు, ఆ కంప్యూటర్‌కు కావలసిన కోడ్ కంపెనీ తన డీలర్లకే ఇచ్చింది. ఆల్బనీ ఆయన మళ్లీ రాలేదు.

ఆ తర్వాత నెంబర్లు మారాయి. రెండు కంపెనీల భాగాలకూ కలిపి కొత్త వరస వేశారు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. ఫోన్‌లో ఎప్పటిలాగే అంకెలు చెప్పాడు. అటువైపు వాడు ఏదో అన్నాడు. ఇతను మళ్లీ చెప్పాడు, ఈసారి నెమ్మదిగా, ఒక్కో అంకె విడదీసి. ఫోన్ పెట్టేసి గోడ మీద ర్యాకుల వైపు చూశాడు.

"ఆ నెంబర్ అసలు లేదంటున్నాడు" అన్నాడు.

భార్య ఎత్తిపొడుస్తుందనుకున్నాను. ఆర్డరు పుస్తకంలో ఆ అంకెలు కొట్టేసింది. ఆ ఏడు పళ్ల సీజన్‌కి టౌరంగా వెళ్లి మూడు నెలల తర్వాత వచ్చింది. మరుసటేడు వెళ్లి రాలేదు. గొడవేమీ లేదని, అక్కడ పని బాగుందని అతను అందరికీ చెప్పేవాడు. ముందు గదిలో ఆమె రేడియో మోగుతూనే ఉండేది.

లీజు ఇంకా రెండేళ్లుందనగా ఒక శనివారం నా కారును, రోడ్డు మీద తిప్పొచ్చని ఇచ్చే వారంట్ తనిఖీ కోసం, హాయిస్ట్ మీదికి ఎత్తాడు. స్టీరింగ్ జాయింట్ అరిగిందని, ఆ భాగం ఇక తయారు చేయడం లేదని చెప్పాడు. రోగి బంధువుతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

ఆ ఉదయం పేపర్లో మరో వార్త ఉంది. కలిసిన కంపెనీ ఇప్పుడు మూడోదానితో మాట్లాడుతోంది. చదవకూడదనుకుని పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాను. అతను చూడనే చూశాడు.

"ఏదో ఉంది. చదవండి."

"ఏం లేదు, వాళ్లు కాదంటున్నారు" అన్నాను.

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ముందు గదిలోకి వెళ్లి రేడియో కట్టేశాడు. వచ్చి, నేనెప్పుడూ కూర్చునే పాత సీటు చివర కూర్చున్నాడు.

"మొదట్నుంచి చదవండి అన్నా."

మొదటి వాక్యం చదివాను. రెండోదానికి వెళ్లకముందే చేయెత్తి ఆపాడు. లేచి హాయిస్ట్ పక్క గోడకున్న ఫోన్ దగ్గరికి వెళ్లి, భార్య ఉండే టౌరంగా నెంబరు కొట్టాడు. దానికోసం పుస్తకం చూడక్కర్లేదు అతనికి.

"ఇంకోటి మొదలైంది" అన్నాడు ఫోన్‌లో.

అటు నుంచి ఏం వినిపించిందో నాకు తెలియదు. నా కారు ఇంకా పైనే ఉంది. అతను రిసీవర్ చెవికి ఆనించుకుని దాని కిందే నిలబడి ఉన్నాడు.