ముందు బ్రేకు మీద రెండు వేళ్లు

నా కుడి చెయ్యి మొట్టమొదట వదిలేసింది పాలగిన్నెను. ఒక సోమవారం పొద్దున్న పొయ్యి మీంచి దించబోతే మోచేతి బయటి వైపు, ఎముక మొన దగ్గర, వేడి సూది దిగినట్టయింది. వేళ్లు వాటంతట అవే విచ్చుకున్నాయి. పాలు గట్టు మీద పడి, అక్కణ్నుంచి నా పాదాల మీదికి కారాయి. మా ఆవిడ పరుగెత్తుకొచ్చి కాళ్ల మీద చన్నీళ్లు పోస్తూ, "నిద్రమత్తులో ఏటి సేత్తన్నావ్?" అని కసిరింది. అవును, నిద్రమత్తే అన్నాను. ఆ నొప్పి గురించి నేను ఆడిన అబద్ధాల్లో అది మొదటిది.

ముందురోజు ఆదివారం మా బావతో కలిసి అనంతగిరి వైపు వాగు వెంబడి నాలుగు గంటలు మోటార్‌సైకిల్ నడిపాను. బావ అంటే మా ఆవిడ అన్న. ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల ఇంజిన్లు బాగుచేస్తాడు. నేను గాజువాక దగ్గర ఒక వర్క్‌షాపులో లేత్ మెషిన్ మీద పనిచేస్తాను. నేనతన్ని బావ అంటాను, అతను నన్నూ బావ అనే అంటాడు. రోడ్డు లేనిచోట బండి నడపడం మా ఇద్దరి పిచ్చి. రాళ్లు, ఇసుక, బురద, కొండ వాలు ఏదైనా సరే. వారమంతా ఎవరో గీసిచ్చిన కొలతకు ఇనుము కోసేవాణ్ని. ఆదివారం పొద్దున్న ఆ రాళ్ల మధ్య ఎటు తిరగాలో, ఎక్కడ ఆగాలో చెప్పేవాడు ఉండేవాడు కాదు. ఆ మూడు నాలుగు గంటల కోసమే మిగతా వారమంతా గడిపేవాణ్ని.

నొప్పి తగ్గుతుందిలే అనుకున్నాను. మందు రాశాను, పట్టీ కట్టాను. తగ్గలేదు. తాళం తిప్పితే నొప్పి, చొక్కా గుండీ పెట్టుకుంటే నొప్పి. ఎవరైనా చెయ్యి కలపడానికి వస్తే ఎడమచెయ్యి ఎత్తి దణ్ణం పెట్టినట్టు చేసి తప్పించుకునేవాణ్ని. చివరికి ఎవరికీ చెప్పకుండా ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన నా చేత కుర్చీ ఎత్తించి, నేను అరవగానే, టెన్నిస్ ఎల్బో అన్నారు. టెన్నిస్ రాకెట్‌ని నేను టీవీలో తప్ప చూడలేదు. లేత్ దగ్గర చక్రాలు తిప్పడమూ, రాళ్లలో హ్యాండిల్ బిగించి పట్టుకోవడమూ కలిసి, ముంజేతి కండ ఎముకను పట్టుకుని ఉండే చోటు పాడైపోయిందట. మోచేతిలో ఇంజెక్షన్ ఇచ్చి, ఆరు వారాలు బండి ముట్టుకోవద్దన్నారు.

నాలుగో రోజుకి నొప్పి మాయమైంది. ఆ సంతోషం ఎలాంటిదో చెప్పలేను. బట్టలు పిండాను, గోడకు మేకులు కొట్టాను, అవసరం లేకపోయినా మంచినీళ్ల డబ్బా మేడ మీదికి మోశాను. మూడో ఆదివారం బావ ఫోన్ చేసి, "యారాడ కొండెనక కొత్త దారి సూసినాను, వస్తావేటి?" అన్నాడు. వస్తానన్నాను. డాక్టరు సంగతి చెబితే బావ రానివ్వడని తెలుసు. ఇంట్లో చెబితే మా ఆవిడ బండి తాళం దాచేస్తుందనీ తెలుసు. అందుకే చెప్పలేదు. అంతకు మించి కారణమేమీ లేదు.

ఎక్కేటప్పుడే మోచేతిలో సన్నగా నొప్పి మొదలైంది. పైన ఆగినప్పుడు సముద్రం చూస్తున్నట్టు అటు తిరిగి చెయ్యి నిమురుకున్నాను. దిగే దారి ఇంటి పైకప్పంత వాలుగా ఉంది, నిండా వదులు గులకరాళ్లు. బావ ముందు దిగి, కింద బండి ఆపి, నాకు దారి చూపించడానికి నడిచి వచ్చి వాలు అడుగున నిలబడ్డాడు. "మెల్లిగా రా బావ! ఎడంపక్క రాయుంది, సూసుకో!" అని అరిచాడు.

ముందు బ్రేకు మీద రెండు వేళ్లు పెట్టుకుని దిగుతున్నాను. సగం దిగాక ముందు చక్రం ఒక గుంతలో పడి లేచింది. ఆ కుదుపు హ్యాండిల్ మీదుగా నేరుగా మోచేతికి వచ్చింది. వేళ్లు విచ్చుకున్నాయి. మళ్లీ మూద్దామనుకున్నాను, మూయలేకపోయాను. నా చేతికి చెబుతున్నాను, అది వినడం లేదు. వెనక బ్రేకు తొక్కితే చక్రం తిరగడం మానేసి గులకరాళ్ల మీద జారుతూ పోయింది. బావ పక్కకు తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. నన్ను ఆపడానికి రెండు చేతులూ చాచాడు. బండి అతన్ని పడేసి, కుడికాలి చీలమండ మీద వాలింది.

నేను బండి కింద నుంచి లేచేసరికి బావ కూర్చునే ఉన్నాడు, ముఖం పాలిపోయి. పాదం ఉండాల్సిన వైపు లేదు.

"బ్రేకు పట్టలేదేటి బావ?" అన్నాడు.

"పట్టలేదు" అన్నాను.

పట్టనిది నా చెయ్యి. బావ ఆ మాటను బ్రేకు గురించి అనుకున్నాడు. అనుకోనిచ్చాను. ఆసుపత్రికి వెళ్లే ఆటోలో అతని కాలు నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడూ, ప్లేటు వేయాలని డాక్టర్లు చెప్పినప్పుడూ, అతని భార్య వచ్చి ఏం జరిగిందని అడిగినప్పుడూ అదే మాట. బ్రేకు పట్టలేదు. చేపల వేట మీద ఏటా ఉండే నిషేధం ముగియబోతోంది. బోట్లన్నీ ఇంజిన్లు సరిచేసుకుని సముద్రంలోకి దిగడానికి సిద్ధమయ్యే రోజులు. ఏడాదిలో హార్బర్‌కి అతను బాగా కావాల్సిన ఆ వారాల్లోనే అతన్ని మంచాన పడేశాను.

తర్వాత ఇంజెక్షన్ బలం పూర్తిగా పోయింది. నొప్పి మునుపటికి రెండింతలై తిరిగొచ్చింది. చపాతీ తుంచలేను, దువ్వెన పట్టలేను. వర్క్‌షాపులో ఇనుప ముక్కను పట్టి ఉంచే చక్‌ను బిగించే తాళం ఎడమచేత్తో తిప్పుతుంటే మా మేస్త్రీ రెండు రోజులు చూసి, మూడో రోజు నన్ను మెషిన్ మీంచి దించి, తయారైన పీసులు లెక్కపెట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. పద్నాలుగేళ్లుగా నేను నడిపిన మెషిన్ మీద ఇంకొకరు పనిచేస్తుంటే ఆ చప్పుడు వింటూ కూర్చోవడం ఏమిటో అప్పుడు తెలిసింది. ఒకరోజు స్నానం చేసి తడి లుంగీ పిండబోతే పట్టు కుదరలేదు. ఎడమచేత్తో ప్రయత్నించాను. ఒంటిచేత్తో లుంగీ ఎవరు పిండగలరు? కుళాయి గొట్టానికి మెలిపెట్టి లాగాను. అదీ జారిపోయింది. అక్కడే బకెట్ పక్కన కూలబడి ఏడ్చాను. ఈ చెయ్యి ఇక ఇంతే, నేనూ ఇంతే అనిపించింది. మా ఆవిడ తలుపు కొట్టి, తీయించి, ఏమీ అడక్కుండా లుంగీ తీసుకుని పిండి ఆరేసింది. చాలా రోజుల కిందటే ఆమెకు తెలిసిపోయి ఉంటుందని అప్పుడనిపించింది.

మర్నాడు బావ కబురు పంపాడు. నా బండి పడిన రోజునుంచీ వాళ్ల వసారాలోనే ఉంది. వెళ్లేసరికి కాలికి కట్టుతో స్టూలు మీద కూర్చుని, ముందు బ్రేకు భాగాలన్నీ విప్పి గోనెపట్టా మీద పరుచుకున్నాడు.

"బ్రేకు బాగానే ఉంది బావ" అన్నాడు.

నేను గోనెపట్టా అంచున కూర్చున్నాను.

"మూడుసార్లు విప్పి సూసినాను. ఆయిలుంది, ప్యాడ్లున్నాయి. ఏటయింది ఆ రోజు?"

"సెయ్యి వదిలీసింది" అన్నాను. మొత్తం చెప్పాను. పాలగిన్నె, ఇంజెక్షన్, ఆరు వారాల మాట, అన్నీ. చెబుతున్నంతసేపూ తల దించుకునే ఉన్నాను.

బావ బ్రేకు లివర్ చేతిలో తిప్పాడు. అరుస్తాడనుకున్నాను. గొంతు పెంచలేదు.

"కాలు ఇరిగినందుకు కాదు బావ. నువ్వు సెప్పుంటే నాను కింద నిలబడీవోణ్ని కాదు కదా. అంతే కదేటి? ఒక్క మాట."

నెల రోజులు అతను నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేను మాత్రం రోజూ వెళ్లేవాణ్ని. ఎడమచేత్తో అతన్ని పట్టుకుని వసారాలో నడిపించేవాణ్ని. ఇద్దరం కలిసినా ఒక పూర్తి మనిషి అయ్యేవాళ్లం కాదు.

మా ఆవిడే నన్ను ఒక ఫిజియోథెరపీ ఆవిడ దగ్గరికి తీసుకెళ్లింది. గోదావరి వైపు మనిషి, నిదానంగా మాట్లాడుతుంది. అరలీటరు నీళ్ల సీసా చేతికిచ్చి, ముంజెయ్యి బల్ల మీద ఆనించి, మణికట్టును మెల్లగా కిందికి దించమంది. పైకి లేపడానికి రెండో చెయ్యి సాయం. దించడం మాత్రం ఆ చేత్తోనే, నాలుగు అంకెలు లెక్కపెడుతూ.

"ఇదేనా అండి వైద్యం?" అన్నాను. కోపమొచ్చింది.

"ఇదేనండి. రోజూ చేయాలి. నెలలు పడుతుందండి. కొంచెం నొప్పొస్తే రానివ్వండి, మర్నాటికి మిగిలితే మాత్రం తగ్గించండి. మీరు బండి ఎలా పట్టుకుంటారో ఓసారి చూపించండి."

చీపురుకట్ట పట్టుకుని చూపించాను. ఆవిడ నా వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. "ఇంత బిగించి పట్టుకుంటే ఏ చెయ్యి మాత్రం ఆగుతుందండీ?" అంది.

రెండు నెలలు ఏ తేడా లేదు. మూడో నెలలో ఒకరోజు గుండీ పెట్టుకుంటూ నొప్పి రాలేదని మూడో గుండీ దగ్గర గమనించాను. మర్నాడు మళ్లీ వచ్చింది. అలాగే నడిచింది, ఒక అడుగు ముందుకి, ఒకటి వెనక్కి. సీసాలో నీళ్లు పెంచడం, మళ్లీ ఒంపెయ్యడం. ఈలోగా బావ కర్ర వదిలేసి నడవసాగాడు, కొద్దిగా కుంటుతూ. నన్ను అడక్కుండానే నా బండి హ్యాండిల్ రెండు అంగుళాలు పైకి లేపాడు, బ్రేకు లివర్ కిందికి వంచాడు, పిడులకు లావు రబ్బరు ఎక్కించాడు. చెప్పింది మాత్రం ఒక్క మాటే: "నిలబడి నడుపు. మోకాళ్లతో పట్టుకో బండిని, సేతుల్తో కాదు."

తొమ్మిదో నెలలో నన్ను మళ్లీ లేత్ మీద నిలబెట్టారు, తేలిక పనులకి. ఆ తర్వాత ఒక ఆదివారం యారాడ ఇసుక మీద, వాలు లేనిచోట బండి తీశాను. బావ పక్కనే, కొంచెం ఎడంగా తన బండి మీద. నిలబడ్డాను, మోకాళ్లు బిగించాను, వేళ్లు వదులుగా. గాలి ముఖానికి తగిలింది. పది నిమిషాలు బాగానే ఉంది. తర్వాత మోచేతిలో సన్నగా, చాలా సన్నగా మొదలైంది.

బండి ఆపేశాను.

"బావా, నొప్పెడతంది" అన్నాను.

బావ తన బండి తిప్పుకొచ్చి పక్కన ఆపాడు. "ఎంత?"

"తక్కువే. గాని ఉంది."

"అయితే సాలు. దిగు."

దిగాను. ఇసుకలో రెండు బళ్లూ నెట్టుకుంటూ రోడ్డు దాకా నడిచాం, అతను కుంటుతూ, నేను ఎక్కువగా ఎడమచేత్తో. ఆ రాత్రికి నొప్పి పెరిగింది. మర్నాడు సీసాలో నీళ్లు సగానికి ఒంపేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. అది జరిగి రెండు నెలలవుతోంది. రాళ్ల దారిలోకి మళ్లీ వెళ్లగలనో లేదో నాకు తెలియదు. ఫిజియోథెరపీ ఆవిడని అడిగితే ఆవిడకీ తెలియదంది. పొద్దున్నా సాయంత్రం బల్ల దగ్గర కూర్చుని, నాలుగు అంకెలు లెక్కపెడుతూ, చెయ్యి కిందికి దించుతున్నాను.